రాణి నల్లబట్టల్లో ఉన్న బొమ్మ

కువైట్‌లో ఏం చూశావని అడిగినవాళ్ళందరికీ ఏడు బొమ్మలు చూశానని చెబుతున్నాను. సముద్రమూ చూశాను, ఆకాశాన్నంటే మేడలూ చూశాను. వాటి గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఏడు బొమ్మల సంగతి మాత్రం నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

కడప డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సిలబస్‌లో అరపేజీ కూడా లేని ఒక పాఠాన్ని నేను వారం రోజులు చెప్పేదాన్ని. క్రిమియా యుద్ధంలో రష్యా మీద తురుష్క సుల్తాను తరఫున ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి పోరాడాయి. అవి రెండూ వందల ఏళ్ళ పగవాళ్ళు. అక్కడ యుద్ధం సాగుతుండగానే ఫ్రాన్సు చక్రవర్తి భార్యతో కలిసి ఇంగ్లండు రాణి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాడు. నాలుగు నెలల తర్వాత రాణి, భర్తను వెంటబెట్టుకుని పారిస్ వెళ్ళింది. పిల్లలు దాన్ని "మేడం పెళ్ళిభోజనాల పాఠం" అనేవాళ్ళు.

నవ్వకుండా విన్నవాళ్ళలో రాయచోటి అమ్మాయి ఖైరున్నీసా ఒకతె. బి.ఏ. ఫస్టు క్లాసులో పాసయింది. ఎం.ఏ.లో చేరాల్సిన ఏడాది తండ్రి పోయాడు. ఇప్పటికి తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో, జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ప్రతి రంజాన్‌కు తప్పకుండా ఫోన్ చేస్తుంది. మొన్న చలికాలంలో మాత్రం పండగ లేకుండానే చేసింది.

"మేడం, మీరొకసారి ఈడికి రాగలరా? మామాకు మీతో పని ఉండాది."

ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. ఆ మామా తనే ఫోన్ తీసుకుని చక్కటి ఇంగ్లీషులో మాట్లాడింది. ఆమె భర్త రాయబార ఉద్యోగాల్లో దేశాలు తిరిగినవాడు. లండన్‌లో పాత పుస్తకాల కొట్టులో కొన్న ఏడు అచ్చుబొమ్మలు ఆయన ప్రాణంతో సమానమట. ఆయన పోయి మూడేళ్ళయింది. వాటిని ఒక ఆడపిల్లల బడి లైబ్రరీకి ఇవ్వాలనుకుంటోంది. ఇచ్చేముందు చుట్టపక్కాలను పిలిచి చూపించాలి. ఒక్కో బొమ్మ కింద సరైన వివరం రాసిపెట్టే మనిషి కావాలి.

"ఆ రాణినీ ఆ చక్రవర్తినీ మీరు మీ అత్తగారి తరఫు బంధువుల్లా ఎరుగుదురని మా ఖైరున్ చెప్పింది" అంది.

మా పిన్ని కూతురు సరళ అబూ హలీఫాలో ఉంటోంది. రమ్మని ఎన్నేళ్ళుగానో పోరుతోంది. ఈసారి కాదనలేదు.

అబూ హలీఫా

ఎడారి దేశమని అన్నీ నూలు చీరలే సర్దుకున్నాను. ఫిబ్రవరి గాలి మొదటిరోజే నా తెలివిని ఎండగట్టింది. సముద్రం ఒడ్డున నిలబడితే పళ్ళు టకటకలాడాయి. సరళ భర్త మురళి స్వెటర్ చీర మీద తొడుక్కుని, దాని చేతులు మోచేతుల దాకా మడుచుకుని, రెండు రోజులు అలాగే తిరిగాను. మురళి షుఐబాలో రిఫైనరీ ఇంజనీరు. తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. కాంట్రాక్టు కూలీలతో నిండిన బస్సులు అదే దారిన వరసగా పోతుంటాయి. కిటికీలకు తలలు ఆనించి అందరూ నిద్రలోనే ఉంటారు.

సందు చివర ఇరానీ రొట్టెల బట్టీ ఉంది. విస్తరంత రొట్టెను కాగితంలో చుట్టకుండా అలాగే చేతికిస్తారు. నేను మొదటిసారి రెండు చేతులా అందుకుని వేళ్ళు కాల్చుకున్నాను. వెనక నిలబడిన ముసలాయన తన రొట్టెను మోచేతి మీద తువ్వాలులా వేసుకుని, ఇలా పట్టుకోవాలమ్మా అన్నట్టు నాకు చూపించి వెళ్ళాడు. ఆ రొట్టెను సరళ చేసిన వంకాయ పచ్చికారంతో తిన్నాం. పక్కన టీకొట్టులో టీ నూట యాభై ఫిల్సులు, మన లెక్కలో నలభై రూపాయలు. రెండోరోజు నుంచి లెక్కవేయడం మానేసి తాగాను.

జాబ్రియా దారిలో

మూడోరోజు నన్ను జాబ్రియాకు తీసుకెళ్ళిన టాక్సీ డ్రైవరు మస్తాన్‌ది మా జిల్లానే. నా మాట వినగానే అద్దంలోంచి చూసి తెలుగులోకి దిగాడు.

"ఏం పని మీద వచ్చినారు మేడం?"

నేను బొమ్మల సంగతీ, యుద్ధం నడుమ జరిగిన ఆ రాజుల విందుల సంగతీ చెప్పాను.

"ఆడ మనుషులు సస్తా ఉంటే ఈడ విందులేంది మేడం? సిగ్గుండొద్దా?"

ముప్పై ఏళ్ళలో పిల్లలెవరూ ఇంత సూటిగా అడగలేదు. కారణం చెప్పాను. రెండు దేశాల సేనాపతులకూ పడటం లేదు. కోట ముట్టడి నెలల తరబడి తెగడం లేదు. చలికీ కలరాకూ సైనికులు రాలిపోతున్నారు. మనం ఎవరితో కలిసి చస్తున్నామని రెండు దేశాల జనమూ గొణుగుతున్నారు. పైగా చక్రవర్తి తానే యుద్ధభూమికి వెళ్ళి సైన్యాన్ని నడిపిస్తానని పట్టుబట్టాడు. ఆయన వెళితే పని మరింత చెడుతుందని ఇంగ్లండు మంత్రుల భయం. వద్దని ఉత్తరం రాస్తే కోపమొస్తుంది. ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, పెద్ద బిరుదిచ్చి, మెల్లగా చెప్పారు. ఆయన వెళ్ళలేదు.

మస్తాన్ తల ఊపాడు. "మా కఫీల్ ఇంట్లో గూడా అంతే మేడం. అన్నదమ్ములిద్దురికీ పడదు. పండగనాడు మాత్రం ఒకరింటికొకరు పోయి ముక్కులు రాసుకుని పలకరించుకుంటారు. సూసేటోళ్ళకు కనపడాల గదా" అన్నాడు. కఫీల్ అంటే అతని వీసా పూచీదారు.

దిగేటప్పుడు అతను ఎంతకీ డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన సీటు మీద పెట్టి దిగాను.

ఏడు బొమ్మలు

మామా పేరు చెప్పను. అందరూ ఆమెను పెద్దకొడుకు పేరుతో ఉమ్ యూసుఫ్, అంటే యూసుఫ్ తల్లి, అని పిలుస్తారు. డెబ్బై దాటిన సన్నటి మనిషి, నిటారు నడక. గుమ్మం దాకా ఎదురొచ్చి నా రెండు చెంపలకూ తన చెంప ఆనించింది. పని ముగిసేదాకా తన ఇంట్లోనే ఉండమని నాకొక గది ఇచ్చింది.

ఖైరున్ కాఫీకూజా పట్టుకుని వెనకే నిలబడి ఉంది. నా క్లాసులో జడకు కనకాంబరాలు పెట్టుకుని కూర్చున్న పిల్లే. ఇప్పుడు కళ్ళకింద నలుపు, నెత్తిన బిగించి కట్టిన గుడ్డ. ఆమె పోసే కాఫీలో పాలు, చక్కెర ఉండవు, ఏలకుల వాసన ఉంటుంది. చిట్టి కప్పు ఖాళీ అయిన వెంటనే మళ్ళీ పోసేది. మర్యాద కదా అని తాగుతూనే ఉన్నాను. ఎనిమిదో కప్పుకు నా గుండె దడదడలాడింది.

"మేడం, సాలనుకుంటే కప్పు ఇట్ల ఊపాల. ఊపకపోతే తెల్లారేదాకా పోస్తానే ఉండాల నేను" అంది ఖైరున్ తెలుగులో, ముఖం కదలకుండా. నేను ఊపాను. మామాకు సంగతి అర్థమై నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బొమ్మలు మగవాళ్ళు కూర్చునే పెద్ద హాలులో గోడకు వరసగా ఉన్నాయి. నలుపు తెలుపు అచ్చుబొమ్మలు. అంచుల్లోని ఇంగ్లీషు అక్షరాలు ఫ్రేము కట్టినవాడు కత్తిరించేశాడు. కింద మామా భర్త సొంత దస్తూరీలో అరబ్బీ చీటీలున్నాయి. మొదటి దాంట్లో చక్రవర్తి దంపతులు ఓడ దిగుతున్నారు. రెండో దాంట్లో రాణి ఆయనకు బిరుదు పట్టీ వేస్తోంది. మూడోది నాట్యం. ఆ నాట్యం జరిగిన హాలుకు, చక్రవర్తి పెదనాన్న ఇంగ్లండు చేతిలో ఓడిపోయిన యుద్ధం పేరే పెట్టి ఉంది. అతిథి నొచ్చుకుంటాడని ఆ వారం ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. నాలుగోది నాటకశాల. అయిదోది పారిస్ వీధుల్లో రాణి బండి. ఆరోది చూసి నేను అక్కడే ఆగిపోయాను. దివిటీల వెలుగులో, ఆ పెదనాన్న శవపేటిక ముందు, ఇంగ్లండు రాణి ఆయన తమ్ముడి కొడుకైన ఈ చక్రవర్తి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. బయట ఉరుములట. ముప్పై ఏళ్ళుగా నోటితో చెప్పిన దృశ్యాన్ని నేను కంటితో చూడటం అదే మొదలు.

ఏడోది అన్నింటికంటే పెద్దది. ఓడ మీద సుల్తానుకు రాణి అదే బిరుదు పట్టీ వేస్తోంది. మామా చీటీ చదివి వినిపించింది: "యుద్ధంలో మిత్రుడైన సుల్తానుకు రాణి సత్కారం. అదే సంవత్సరం."

"ఇది ఆయనకు చాలా ఇష్టం" అంది. "ఆ యుద్ధంలో మనవైపు మనిషిని కూడా వాళ్ళు సమానంగా కూర్చోబెట్టారు చూడు, అనేవాడు."

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మిగతా బొమ్మల్లో రాణి పక్కన భర్త ఉన్నాడు, ఒంటి మీద పూల అంచు గౌన్లున్నాయి. ఇందులో భర్త లేడు. గౌను నల్లగా ఉంది. తలకు ఆ దేశపు విధవరాళ్ళు పెట్టుకునే టోపీ ఉంది. ఇది యుద్ధం నాటిది కాదు. పన్నెండేళ్ళ తర్వాత, మరో సుల్తాను వచ్చినప్పటిది. యుద్ధం జరిగిన రోజుల్లో ఏ విందుకూ సుల్తానును పిలవలేదు.

"చాలా అందమైన బొమ్మ" అన్నాను.

సాయంత్రం వంటింట్లో ఖైరున్ బియ్యం కడుగుతూ అడిగింది. "ఏడోది చూసినారా మేడం?"

"చూశాను."

"రాణి నల్లబట్టల్లో ఉండాది. మొగుడు లేడు."

"నీకు ముందే తెలుసా?"

"రెండేండ్లాయె. దుమ్ము తుడుస్తా తుడుస్తా ఒకనాడు చూసినా. అందుకే మిమ్మల్ని పిలిపించినా. నేను చెప్పేదానికి భయం. మామా మంచిదే గానీ, నిరుడు వంటామె ఒక్క మాట ఎదురు చెప్పిందని వారంలో ఊరికి పంపించేసింది. నా ఇఖామా మామా పేరు మీదనే గదా."

ఇఖామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. అది యజమాని చేతిలో ఉన్నట్టే.

ముబారకియా బజారు

మర్నాడు మామా నన్ను పాత బజారుకు తీసుకెళ్ళింది. కప్పు వేసిన సందులు, కుంకుమపువ్వు, ఎండు నిమ్మకాయలు, గోనెసంచుల్లో ఖర్జూరాలు. ఖర్జూరాలమ్మే ఆయన కొనకముందే చేతిలో నాలుగు పెట్టాడు. కడపలో అయితే రుచి చూసి కొనకపోతే శాపనార్థాలు వినాలి. ఇక్కడ కొనకపోయినా ఇంకో రెండు పెట్టాడు. ఆరుబయట బల్లల దగ్గర కబాబులు తిన్నాం. పచ్చి ఆకుకూర కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టారు. ఘాటుగా, ముల్లంగి ఆకు రుచితో ఉంది. మామా నా పళ్ళెంలో వడ్డిస్తూనే, భర్త గురించి చెబుతూనే ఉంది. పెళ్ళయిన కొత్తలో లండన్‌లో బొగ్గు పొయ్యి రాజేయడం రాక ఇద్దరూ ఓవర్‌కోట్లతో పడుకున్నారట.

ఇప్పుడు చెబుదాం, ఈ ముక్క తిన్నాక చెబుదాం, అనుకుంటూనే గడిపాను. ఆమె ఉప్పు తింటున్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో నా నోట వచ్చిన మాట ఇది: "బొమ్మలన్నింటికీ కలిపి 'మిత్రరాజుల కలయికలు' అని ఒకే పేరు పెడదాం. సంవత్సరాలు వద్దు." ఆమె చాలా బాగుందంది.

ఇంటికి రాగానే ఆ మాట ఖైరున్‌కు చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది.

"సెకండియర్‌లో మా పుస్తకంలో ఒక తేదీ తప్పుంటే, అందరినీ పెన్ను తియ్యమని, దాన్ని కొట్టేపిచ్చినారు మీరు. అచ్చయినంత మాత్రాన నిజం గాదు అన్నారు. గ్యాపకం లేదా మేడం?"

"ఉంది."

"ఈ బొమ్మలు ఆడపిల్లల బడికి పోతాండాయి."

అంతే అంది. మళ్ళీ గిన్నె అందుకుంది.

నల్లబట్టలు

పొద్దున టిఫిను దగ్గర చెప్పేశాను. బల్ల మీద శనగలు, గుడ్లు, జున్ను ఉన్నాయి. ఏదీ ముట్టుకోకముందే చెప్పాను. సంవత్సరం తప్పు, సుల్తాను వేరు, యుద్ధంలో ఆయన్ని ఎవరూ పిలవలేదు. మామా విన్నది. చేతి రుమాలు మడిచి పళ్ళెం పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆరోజు ఆమె బయటికి రాలేదు. మధ్యాహ్నం ఖైరున్ నా గదికి చేపా అన్నమూ తెచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. రుచి తెలియలేదు. సరళకు ఫోన్ చేసి, రేపు వచ్చేస్తానేమోనని చెప్పాను. నేను వెళ్ళిపోగలను. ఖైరున్ ఎక్కడికి పోతుంది? ఆమె పంపే జీతంతో రాయచోటిలో తల్లీ చెల్లెలూ బతుకుతున్నారు.

పొద్దు వాలుతుండగా మామా ఇద్దరినీ హాలుకు పిలిపించింది. ఏడో బొమ్మ ముందు, భూతద్దం పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు చూసింది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేనే అందామని నోరు తెరిచాను. అంతకంటే ముందే ఖైరున్ అరబ్బీలో జవాబిచ్చింది. ఆ భాష రాని నాకు కూడా ఆ ముక్క అర్థమైంది. "నేనే, మామా."

తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఖైరున్ నాకు చెప్పినట్టుగానే రాస్తున్నాను.

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కింద."

"రెండేళ్ళు నాకు చెప్పకుండా దీన్ని తుడిచావా?"

"మీకు కోపమొస్తుందని."

"వచ్చింది."

ఖైరున్ తల దించుకోలేదు. మామా మళ్ళీ భూతద్దం బొమ్మకు దగ్గరగా పెట్టింది. ఈసారి నాకోసం ఇంగ్లీషులో అంది.

"ఈమె విధవ. ఆయన పోయినప్పుడు మా ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు నేను నల్లబట్టల్లో ఉన్నాను. రోజూ ఈ హాలులోకి వచ్చి ఇదే బొమ్మకు ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన రాసింది చదువుకునేదాన్ని గానీ, ఈమెను చూడలేదు."

భూతద్దం నా చేతికిచ్చింది.

"ఆయన రాసిన చీటీ తియ్యను. తప్పయినా ఆయన చేతిరాత. దాని కింద ఇంకో చీటీ పెట్టండి. ఖైరున్, నువ్వే రాయి. అరబ్బీలో రాయగలవా?"

"తప్పులొస్తాయి మామా."

"తప్పులు నేను దిద్దుతాను."

ఆ రాత్రి భోజనం ముగ్గురం ఒకే బల్ల మీద చేశామని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. ఖైరున్ వడ్డించింది, మేమిద్దరం తిన్నాం.

చుట్టాలు వచ్చిన సాయంత్రం

రెండు రోజుల తర్వాత ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. అత్తరు, సాంబ్రాణి పొగ, పట్టు బట్టలు. మాటలన్నీ అరబ్బీలోనే, పక్కన కూర్చున్న ఒకావిడ నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. మామా లేచి, తన భర్త ఒక బొమ్మ విషయంలో పొరబడ్డాడని, ఆ సంగతి కనిపెట్టిన మనిషే ఇప్పుడు అన్నీ చెబుతుందని అంది. ఖైరున్ ముందుకొచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం రంగు బట్టలు, నెత్తిన కొత్త గుడ్డ. మామా అక్కగారు మాత్రం, "పనిమనిషా?" అని పైకే అని, ఫలహారం ముట్టకుండా వెళ్ళిపోయింది.

ఖైరున్ మొదటి బొమ్మ దగ్గర తడబడింది. రెండోదానికి గొంతు సర్దుకుంది. శవపేటిక బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అందరూ ముందుకు వంగి వింటున్నారు. అప్పుడే ముందు వరసలో ఒకామె, అలవాటు కొద్దీ, ఖాళీ టీ గ్లాసు ఖైరున్ వైపు చాపింది. ఖైరున్ గ్లాసు అందుకుంది, టీ పోసింది, ఆమెకిచ్చింది, ఆపిన మాట దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క ముక్క కూడా పోలేదు.

చివర్లో ఒక అమ్మాయి అడిగింది. "యుద్ధం సుల్తాను భూమి కోసమే కదా. మరి ఆయన్ని ఎందుకు పిలవలేదు?"

"పోట్లాట ఆయన గుమ్మంలో. విందు వాళ్ళ ఇళ్ళల్లో" అంది ఖైరున్. కొందరు నవ్వారు. ఒకరిద్దరు ముసలివాళ్ళు నవ్వలేదు, తలలు ఊపారు.

అందరూ వెళ్ళాక, ఆ గ్లాసు సంగతి నాకు బాధేసిందని చెప్పాను.

"గ్లాసు నింపేది నా పని మేడం. బొమ్మ సంగతి చెప్పేది గూడా ఈ పొద్దు నా పనే. రెండూ చేసినా. మీరు బాధపడాకండి."

ఎయిర్‌పోర్టు

బయలుదేరే రోజు మామా డ్రైవరునిచ్చి, నన్ను దింపిరమ్మని ఖైరున్‌ను కూడా పంపింది. దారిలో ఖైరున్ చెప్పింది.

"ఎం.ఏ. దూరవిద్యలో కడతానని మామాను అడిగినా మేడం. పరీక్షలకు నెల సెలవు కావాలని అన్నా. ఇన్షా అల్లా అనింది."

"దేవుడు తలిస్తే అంటే, ఒప్పుకున్నట్టేనా?"

"ఇన్షా అల్లాలో రెండు రకాలుంటాయి మేడం, ఒకటి సరే అనేది, ఇంకోటి తప్పించుకునేది. ఇది మంచి రకమే."

ఇద్దరం నవ్వుకున్నాం. సామాను దించాక ఆమె వెంటనే వెళ్ళలేదు. తోపుడుబండి పిడి పట్టుకుని నిలబడింది.

"మేడం, ఒకటి అడగనా? రాణి పారిస్‌కు పోయినప్పుడు ఆమె ఎంబడి పనోళ్ళు గూడా పోయింటారు గదా. గౌన్లు మోసేటోళ్ళు, తల దువ్వేటోళ్ళు. ఎంతమంది పోయినారు? వాళ్ళు యాడ పండుకున్నారు? ఏం తిన్నారు?"

నాకు తెలియదని చెప్పాను. ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పాను గానీ, ఆ మాట ఒక్కసారి కూడా నాకు తట్టలేదని కూడా చెప్పాను.

ఖైరున్ తోపుడుబండి పిడి నా చేతికిచ్చింది.

"అయితే అది నేను ఎతుకుతా మేడం" అంది.

డ్రైవరు యల్లా, యల్లా అని తొందరపెట్టాడు. మామా భోజనం వేళయింది. ఆమె పరుగున వెళ్ళి కారెక్కింది.